మార్లవాయికి చరిత్ర ఎప్పుడు చేరింది?

స్మారకోపన్యాసం అనగానే ఒక పెద్ద పేరును, ఆ పేరు చుట్టూ అల్లుకున్న పెద్ద ఘటనలను తలుచుకోవడం మనకు అలవాటు. ఇవాళ ఆ అలవాటును కాస్త పక్కన పెడదాం. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో మార్లవాయి అనే గోండు ఊరుంది. ఆ ఊరి మనిషి కనకరాజు. ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు అన్నం వండి బతికినవారు. దండారి పండుగ రోజులు వచ్చాయంటే నెత్తిన నెమలి ఈకల కిరీటం పెట్టుకుని గుస్సాడీ ఆడినవారు, ఆ ఆటను పడుచువాళ్లకు నేర్పినవారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబర్ 25న కన్నుమూశారు. ఇలాంటి మనిషి బతుకును ఆయన కాలపు చరిత్రతో కలిపి చదవాలంటే ఎలా చదవాలన్నదే ఈ ఉపన్యాసం.

మామూలుగా మనం చేసే పని తెలిసిందే. కాగితానికి ఒక పక్క పుట్టుక, పెళ్లి, పని, చావు రాస్తాం. ఇంకో పక్క 1947, 1948, 1956, 2014 రాస్తాం. రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి, ఈయన ఇన్ని చూశాడు అంటాం. ఆ చూశాడు అన్న మాట దగ్గరే నా పేచీ. 1948 సెప్టెంబర్ 17న హైదరాబాదులో రాజ్యం మారింది. ఆ మార్పు అదే రోజున మార్లవాయిలో జరగలేదు. అక్కడ అది ఎన్నో నెలల తర్వాత, ఎన్నో ఏళ్ల తర్వాత, పట్వారీ మారడంగానో బడిలో పంతులు భాష మారడంగానో జరిగి ఉండాలి. సామాన్యుడి జీవితంలో చరిత్రను వెతికేవాళ్లు ఘటన తేదీతో ఆగిపోకూడదు, అది గడపకు చేరిన తేదీని కూడా పట్టుకోవాలి. ఆ రెండింటి నడుమ ఉన్న ఎడం అన్నిటికీ ఒక్క తీరుగా ఉండదు. ఏది పరుగున వచ్చింది, ఏది కుంటుతూ వచ్చింది అని లెక్క తీస్తే, ఎవరి కోసం ఎవరు రాజ్యం చేశారో పుస్తకంలోని తేదీల కంటే బాగా తెలుస్తుంది.

మార్లవాయిలో కదలని ఒక ఇంటిని ఊహించుకోండి. ఆ ఇల్లు 1905లో ఆదిలాబాద్ జిల్లా కిందికి వచ్చింది. సిర్పూర్-తాండూర్‌నూ, ఎలగందుల అంటే నేటి కరీంనగర్ వంటి పక్క జిల్లాల తాలూకాలనూ సర్దుబాటు చేయగా పుట్టిన జిల్లా అది. ఆ ఇంటివాళ్లు నిజాం రైతులుగా ఉన్నారు, 1948 తర్వాత భారత యూనియన్‌లోని హైదరాబాద్ రాష్ట్రం వాళ్లయ్యారు, 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ వాళ్లయ్యారు, 2014 జూన్ 2న తెలంగాణ వాళ్లయ్యారు, 2016 అక్టోబర్ 11న జిల్లా పేరు కూడా మారింది. గడప మాత్రం ఉన్నచోటే ఉంది. ఇంకా వెనక్కి పోతే చాందా గోండు రాజుల ఏలుబడి, 18వ శతాబ్దం నడుమ దాన్ని మింగేసిన మరాఠాలు. ఇన్ని రాజ్యాలు మారినా గోండు కుటుంబానికి నిజంగా తగిలిన మార్పు ఈ జాబితాలో ఎక్కడా లేదు. అది అడవిలో గీసిన గీత.

నిజాం ప్రభుత్వం 20వ శతాబ్దపు మొదటి దశాబ్దాల్లో అడవులకు హద్దులు కట్టి, రిజర్వు చేసి, గూడేలను ఖాళీ చేయించడం మొదలుపెట్టింది. గోండులు, కోలాములు కొన్నేళ్లు ఒకచోట దున్ని, ఆ నేలకు సత్తువ తగ్గితే ఇంకోచోటికి పోయి, మళ్లీ తిరిగి వచ్చేవాళ్లు. బీడు పెట్టడం వాళ్ల వ్యవసాయంలో భాగం. సర్వే గొలుసు వచ్చేనాటికి బీడుగా ఉన్నదంతా ఎవరిదీ కాని భూమి అయింది. పన్ను కడుతూ దున్నినవాళ్లకు కూడా చాలామందికి ఉన్నది సివాయి జమాబందీ హక్కే. అంటే శిస్తు పుచ్చుకుంటారు గానీ పట్టా ఇవ్వరు. ఎప్పుడు లెమ్మంటే అప్పుడు లేవాలి. జనం నోట అటవీ శాఖ పేరు జంగ్లాతు. జంగ్లాతు మనిషి గూడేనికి రావడానికి ఎన్నడూ ఆలస్యం కాలేదు. ఒక మాట చెప్పి ముందుకు పోతాను. 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు పెట్టారు, దాని పుణ్యాన కొత్తపేట కాస్తా కాగజ్‌నగర్ అయింది. మిల్లుకు వెదురు పోయింది ఈ అడవుల నుంచే. భూమికి కాగితం లేదన్న కారణంతో ఎవరిని లేపేశారో, వాళ్ల అడవే కాగితమై దేశమంతా తిరిగింది.

జోడేఘాట్ కథ తెలియనివాళ్లు ఈ సభలో ఉండరు కాబట్టి దాన్ని మొత్తం చెప్పను. బాబేఝరి, జోడేఘాట్ చుట్టుపక్కల పన్నెండు గూడేల కోసం కుమురం భీం నిలబడటం, 1940లో పోలీసు తూటాలకు తన సహచరులతో పాటు చనిపోవడం మనకు చరిత్ర. నా వాదనకు కావలసింది ఆ తర్వాత జరిగిన సంగతి. ఇంతమంది ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని ప్రభుత్వానికి తోచింది. తోచిన వేళకు చేతికందిన మనిషి క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్. ఆయన వియన్నా మానవశాస్త్రవేత్త. ఆస్ట్రియాను హిట్లర్ కలుపుకోవడంతో ఆయన చేతిలోని పాస్‌పోర్టు జర్మనీది అయింది. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి ఆయన భారతదేశంలో ఉన్నాడు. బ్రిటిష్ లెక్కలో శత్రుదేశీయుడు. నిజాం రాజ్యం దాటి పోకుండా ఉండేట్టయితే పని చేసుకోవచ్చన్నారు. చెంచులను, ఆ తర్వాత గోదావరి కొండల రెడ్లను చూసి, గోండుల దగ్గరికి వచ్చాడు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం మార్లవాయికి ఇలా చేరింది. బాంబుగా రాలేదు, రేషనుగా కూడా కాదు. పోవడానికి చోటు లేక ఆగిపోయిన ఒక జంట రూపంలో వచ్చింది. యుద్ధం లేకపోతే ఆయన వచ్చేవాడా అంటే చెప్పడం కష్టం. భీం చావు లేకపోతే ఆయన్ను ఇటు పంపేవాళ్లు కారని మాత్రం గట్టిగా చెప్పవచ్చు.

ఆ తర్వాత ఐదారేళ్లలో మార్లవాయి చూసినంత రాజ్యాన్ని అంతకు ముందు వందేళ్లలో చూసి ఉండదు. 1943లో అక్కడే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం తెరిచారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు కూర్చుని అర్జీలు వినే దర్బారు ఆ దశకంలోనే మొదలై ఈ నాటికీ నడుస్తోంది. సేతుమాధవరావు పగడి వంటి అధికారి గోండీ నేర్చుకుని గోండుల మీద పుస్తకం రాశాడు. అన్నిటికంటే పెద్ద పని పట్టాలు. 1940ల చివరికి జిల్లాలో 11 వేల పైచిలుకు ఆదివాసులకు దాదాపు 1,60,000 ఎకరాలు రాసిచ్చారు. ఇది తక్కువ పని అని ఎవరూ అనలేరు. కానీ వరుస గమనించండి. గీత ముందు వచ్చింది. గుడిసెలు కాల్చడం దాని వెంట వచ్చింది. తూటా ఆ తర్వాత. బడి, పట్టా అన్నిటికంటే వెనక, అదీ శవాలు లేచాక వచ్చాయి. కనకరాజు గరిటె పట్టిన ఆశ్రమ పాఠశాలకు మూలపురుషుడెవరని వెతికితే 1943 నాటి ఆ శిక్షణ కేంద్రం దగ్గరికే పోతాం. ఇంకా తవ్వితే జోడేఘాట్ దాకా పోతాం. వంటమనిషి ఉద్యోగం కూడా ఒక తిరుగుబాటుకు దూరపు చుట్టమే.

పట్టా వచ్చిందంటే కథ కంచికి చేరిందని అనుకోవద్దు. హైదరాబాద్ రాష్ట్రం 1940ల చివర్లో గిరిజన ప్రాంతాల కోసం చేసిన నిబంధనలు రాష్ట్రం మారేసరికి పక్కకుపోయాయి. ఆంధ్రప్రదేశ్ 1959లో భూబదలాయింపు నిరోధక నిబంధన తెచ్చింది గానీ అది ముందు ఆంధ్ర ఏజెన్సీకే. తెలంగాణ షెడ్యూల్డ్ ప్రాంతాలకు దాన్ని వర్తింపజేసింది 1963లో. అందులోని కంతలు పూడ్చి, గిరిజనేతరుల నడుమ కూడా ఏజెన్సీ భూముల కొనుగోళ్లను ఆపిన సవరణ, జనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకునేది, 1970 నాటిది. కాగితం మీద పదేళ్లు ఏపాటి? భూమి మీద మాత్రం పదేళ్లంటే ఒక అప్పు వడ్డీతో సహా పొలాన్ని మింగడానికి చాలినంత కాలం. రోడ్లు పడ్డాయి, పత్తి వచ్చింది, ఆ రోడ్ల వెంటే బయటి నుంచి సాహుకార్లు, రైతులు వచ్చారు. 1970లలో తిరిగి వచ్చిన హైమన్‌డార్ఫ్ తాను పట్టాలిప్పించిన కుటుంబాల చేతిలో భూమి లేకపోవడం చూసి బాధతో, కోపంతో రాశాడు. 1976 నాటి చట్టంతో తెలంగాణ లంబాడాలు కూడా షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. ఆ న్యాయాన్యాయాల చర్చ పెద్దది, ఈ వేదిక దానికి చాలదు. అయితే ఉట్నూరు ప్రాంతపు గోండు రైతుకు మాత్రం ఆ ఏడాది ఎమర్జెన్సీ కంటే ఆ జాబితానే దగ్గరి వార్త అయి ఉంటుంది.

ఇక్కడ గోదావరి దాటి కరీంనగర్ వైపు రావాలి. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాలలో కూలీల జైత్రయాత్ర జరిగింది. వెట్టి, జీతగాళ్ల కూళ్లు, దొరలు పట్టిన బంజర్లు దాని వెనక ఉన్నాయి. ఆ అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. రెండు నెలలు కూడా కాలేదు. పరుగున వచ్చేవాటి జాబితాలో దీన్నీ చేర్చుకోండి. కూలీ సంఘాల ఊపు నది దాటి ఆదిలాబాద్ కొండలకు పోయింది, గిరిజన రైతుకూలీ సంఘం పుట్టింది. ఇప్పుడు 1981ని చూడండి. ఆ ఏడాది కనకరాజు బృందం ఢిల్లీలో ప్రధాని ఇందిరాగాంధీ ముందు గుస్సాడీ ఆడిందని ఆయన మీద వచ్చిన కథనాలు చెబుతాయి. నెమలి ఈకలు దేశ రాజధానిలో ఊగాయి. అదే ఏడాది ఏప్రిల్ 20, సోమవారం. ఇంద్రవెల్లిలో అంగడి రోజు. గిరిజన రైతుకూలీ సంఘం సభకు అనుమతి లేదన్నారు. అంగడికి, సభకు వచ్చిన జనం మీద కాల్పులు జరిగాయి. చనిపోయింది 13 మంది అని సర్కారు లెక్క. దానికి ఎన్నో రెట్లని హక్కుల సంఘాల లెక్క. అక్కడ కట్టిన స్తూపం కూలింది, మళ్లీ లేచింది. ఏప్రిల్ 20 వచ్చిందంటే దాని చుట్టూ దశాబ్దాల పాటు 144వ సెక్షను పెట్టారు. ఒకే ఏడాదిలో ఒకే రాజ్యం ఒకే జనాన్ని ఒకచోట పండుగలా చూసింది, ఇంకోచోట మూకలా చూసింది. ఈ రెండూ ఒకే గోండు జీవితంలో పక్కపక్కన పట్టాయి. జాతీయ చరిత్ర పుస్తకాలు మటుకు ఒకదాన్ని సంస్కృతి అధ్యాయంలో వేస్తాయి, రెండోదాన్ని అసలు వేయవు.

ఇక ఆక్షేపణలు. మొదటిది తేలికగా ఊహించగలిగిందే: పద్మశ్రీ పుచ్చుకున్న మనిషి సామాన్యుడెలా అవుతాడు? నిజమే, ఆ పురస్కారం రాకపోతే ఈ ఉపన్యాసానికి ఆయన పేరు దొరికేది కాదు. ఆయన కంటే సామాన్యులైన వాళ్ల పేర్లు కాగితానికి ఎక్కే దారులు అక్కడ రెండే ఉన్నాయి. కేసులో ముద్దాయి కావడం ఒకటి, అర్జీదారు కావడం ఇంకొకటి. మూడో దారి ఆయనకు వృద్ధాప్యంలో తెరుచుకుంది. దానికి ముందున్న దశాబ్దాలలో ఆయన బతుకు ఊళ్లో మిగతావాళ్ల బతుకే. ఆ భాగాన్నే నేను సాక్ష్యంగా తీసుకుంటున్నాను. కిరీటం పెట్టని రోజుల్లో ఆయన దినకూలీ, కట్టెపొయ్యి, పప్పు గంజు.

రెండో ఆక్షేపణ ఇంతకంటే బరువైనది. మార్లవాయి గురించి మనకు తెలిసిందంతా హైమన్‌డార్ఫ్ రాతల మీద నిలబడింది గదా, నిజాం జీతం తిన్న విదేశీయుడి మాట ఎంతవరకు నమ్మాలి అంటారు. ఆయన తన యజమాని అటవీ విధానాన్నే తప్పుపట్టి నివేదిక ఇచ్చాడు. జీతం కోసం రాసేవాడు అలా రాయడు. కానీ ఆయన రాతలో వేరే లోటుంది, దాన్ని ఒప్పుకోవాలి. ఆయన స్నేహం ఎక్కువగా పటేళ్లతో, ప్రధాన్ పాటగాళ్లతో. గోండులకంటే కింద, కొండ మీద బతికిన కోలాములు ఆ పేజీల్లో పలచగా కనిపిస్తారు. ఆడవాళ్లు అంతకంటే పలచగా. కాబట్టి ఆయన్ను సాక్షిగా పిలుద్దాం, తీర్పరిగా కాదు. జనం మాత్రం తమ తీర్పు ఎప్పుడో ఇచ్చుకున్నారు. 1987లో హైదరాబాదులో చనిపోయిన బెట్టీని తెచ్చి మార్లవాయిలోనే పాతిపెట్టారు. 1995లో లండన్‌లో పోయిన ఆయన అస్థికలు 2012లో ఆమె పక్కకు చేరాయి. ఏటా జనవరి 11న ఊళ్లో ఇద్దరికీ వర్ధంతి చేస్తారు. ఆ పదిహేడేళ్ల ఎడాన్ని కూడా నా లెక్కలో వేసుకుంటాను.

మూడోది చరిత్రకారుల నుంచి వచ్చేది. ఏ రాజ్యంలోనైనా చట్టానికీ అమలుకూ ఎడం ఉంటుంది, మారుమూల ఊళ్లకు అది ఇంకా ఎక్కువ ఉంటుంది, రోడ్డు లేకపోవడం తప్ప ఇందులో రాజకీయం వెతకనక్కరలేదు అంటారు. రోడ్డు కారణమైతే అన్నీ సమానంగా ఆలస్యం కావాలి. కల్లోలిత ప్రాంత ప్రకటనకు పట్టింది రెండు నెలల లోపు. 1959 నిబంధన గోదావరి దాటడానికి నాలుగేళ్లు. అడవి హక్కుల చట్టం రావడానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి సర్వే గొలుసు అడవిలోకి వచ్చి మూడు తరాలు దాటింది. దారి ఒక్కటే, వాన ఒక్కటే, వాగూ ఒక్కటే. ఆ వాగును కొన్ని కాగితాలు తడవకుండా దాటాయి. కొన్ని ఒడ్డునే ఉండిపోయాయి.

ఇంకొక ఆక్షేపణ ఆదివాసీ యువకుల నుంచే వస్తుంది, నాకు అది అన్నిటికంటే నచ్చింది. ఎప్పుడూ మాకు ఏదో చేరింది, చేరలేదు అనే చెబుతారేం, మేమేమన్నా గుమ్మంలో కూర్చుని చరిత్ర కోసం ఎదురుచూస్తున్నామా అని. లేదు. గోండులకు తమ కాలం తమకుంది. భీం వర్ధంతిని జోడేఘాట్‌లో ఇంగ్లీషు తేదీ ప్రకారం జరపరు. ఆశ్వయుజ పౌర్ణమి నాడు జరుపుతారు. ఆ పౌర్ణమి వెన్నంటే దండారి కాలం వస్తుంది. ఏత్మాసూర్ పేన్‌కు మొక్కి, తుడుం, డప్పు, గుమేల, పెప్రి పట్టుకుని ఒక ఊరి బృందం ఇంకో ఊరికి చుట్టాలై పోతుంది. అక్కడ తిండి, ఆట, పెళ్లి మాటలు. గుస్సాడీ ఒంటికి బూడిద పూసుకుంటాడు, ఆ వేషం విడిచేదాకా నీళ్లు పోసుకోడు. నెత్తిన ఈకల కిరీటాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. వెదురు కట్టు చుట్టూ వందల కొద్దీ నెమలి ఈకలు, మధ్యలో అద్దాలు, రంగు దారాలు, కొన్నిటికి కొమ్ములు. ఒక తరం కట్టింది ఇంకో తరం పెట్టుకుంటుంది, రాలిన ఈక స్థానంలో కొత్త ఈక గుచ్చుతారు. భుజాన జింక తోలు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత జింక తోలు కొత్తది తేవడమంటే నేరం. నెమలి 1963 నుంచి జాతీయ పక్షి, అదే చట్టం కింద రక్షణ ఉన్న పక్షి. రాలిన ఈక ఏరుకోవడం ఒకటే మిగిలింది. ఢిల్లీ వేదిక మెచ్చుకున్న ఆ వేషానికి కావలసిన సరుకు మీద ఢిల్లీ చట్టమే కాపలా కాస్తుంది. అయినా ఆట ఆగలేదు. చట్టం వచ్చిందని పండుగను ముందుకో వెనక్కో జరపలేదు. ప్రభుత్వం పిలిచిన వేదిక మీద జనవరిలో, ఆగస్టులో ఆడింది ప్రదర్శన. వాళ్లు దండారి అనేది మాత్రం పౌర్ణమికీ దీపావళికీ నడుమ పడేదాన్నే.

ఎదురుచూపు లేదన్న మాట అందుకే ఒప్పుకుంటాను. అది ఒప్పుకున్నాక నా వాదన బలహీనపడదు, ఇంకొంచెం ముందుకు పోతుంది. సామాన్యుడికి తనదైన కాలం ఉంది కాబట్టే, రాజ్యం కాలం దానితో ఎక్కడ గుద్దుకుందో గుర్తుపట్టగలం. సొంత పంచాంగం లేనివాడికి అయితే ఆలస్యమనేదే తెలియదు. కనకరాజు జీవితచరిత్ర రేపు ఎవరైనా రాస్తే, అధ్యాయాలకు ఏ పేర్లు పెడతారన్నది చూడాలని ఉంది. నిజాం కాలం, ఆంధ్రప్రదేశ్ కాలం, తెలంగాణ కాలం అని పెడితే ఆయన ఆ పుస్తకంలో అతిథి అవుతారు. గీత, పట్టా, బడి, అంగడి, కిరీటం అని పెడితే ముఖ్యమంత్రులు, ప్రధానులు అతిథులవుతారు. రెండో పద్ధతిలో తేదీలేమీ పోవు. 1948 ఉంటుంది, 1956 ఉంటుంది. వచ్చిన రోజున వస్తాయి, అంతే.

2024లో ఆశ్వయుజ పౌర్ణమి అక్టోబర్ 17న వచ్చింది. జోడేఘాట్‌లో భీంకు దండలు వేశారు, దండారి బృందాలు ఊళ్ల మీదికి బయలుదేరే కాలం వచ్చింది. దీపావళి అక్టోబర్ 31న. దాని తర్వాత దండారి ముగింపుగా కోలబోడి చేసి, కిరీటాలు దించి, బూడిద కడుక్కుని ఇళ్లకు చేరతారు. కనకరాజు పోయిన 25వ తేదీ శుక్రవారం. దీపావళికి ఇంకా ఆరు రోజులుంది. కోలబోడి కాలేదు.